తాడు విప్పిన చెయ్యి

పంజగుట్టలో ఆ పన్నెండంతస్తుల భవనానికి తొమ్మిదో అంతస్తు అద్దాలు తుడుస్తుండగా దినేశ్ వేలాడుతున్న తాడు ఒక్కసారిగా పక్కకు జరిగింది.

మొదట గాలి అనుకున్నాడు. కానీ సోమవారం పదకొండు గంటల ఎండలో ఆకు కూడా కదలడం లేదు. తలెత్తి చూశాడు. పైన డాబా పిట్టగోడ మీద నుంచి రెండు చేతులు అతని తాడును పట్టుకుని ఉన్నాయి. తాళ్ల దగ్గర కాపలా ఉండాల్సిన మనిషి చేతులు కావవి. ఎడమ మణికట్టుకు ఎర్రదారాలు చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. చక్రపాణి సార్ మనిషి, తారక్.

"ఏంట్రా, మూడు రోజుల్నుంచి ఫోనెత్తట్లేదు?" పైనుంచి కేక వేశాడు.

"పనిల ఉన్నన్నా. కిందికి దిగినంక మాట్లాడుత."

"నువ్వు దిగేదాకా ఆగే ఓపిక లేదు నాకు. సార్ కాగితం పంపారు. సంతకం పెడతావా, పెట్టవా?"

దినేశ్ చేతిలోని వైపర్ నుంచి సబ్బునీళ్లు మోచేతి మీదుగా చంకలోకి కారుతున్నాయి. కింద మెట్రో పట్టాల మీద రైలు అమీర్‌పేట వైపు పోతోంది.

"పెట్టను," అన్నాడు.

 తారక్ తాడు పట్టుకుని పిట్టగోడ వెంట నడిచాడు. ఆరడుగులు, ఏడడుగులు. దినేశ్ అద్దం మీద అడ్డంగా జారిపోయాడు. బూట్లు కిర్రుమన్నాయి. నడుముకు కట్టిన బకెట్ ఒరిగి నీళ్లు కిందికి పోయాయి, ఎవరో తిట్టారు. తారక్ తాడు వదిలేశాడు. దినేశ్ ఊయలలాగా వెనక్కి దూసుకొచ్చి, కిటికీ అల్యూమినియం చట్రానికి ముఖం గుద్దుకున్నాడు.

ముక్కులో ఏదో పటుక్కుమంది. కళ్లు తెరిచేసరికి అద్దానికి అవతల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కనున్నతను ఫోన్ తీసి వీడియో తీస్తున్నాడు. అద్దం మీద రక్తం గీతలు గీతలుగా జారుతోంది. దినేశ్ చెయ్యి దానంతటదే లేచి, వైపర్‌తో ఆ రక్తాన్ని పై నుంచి కిందికి ఒక్క గుంజుతో తుడిచింది. అలవాటు. మరక వదిలిపెడితే మేస్త్రీ ఒప్పుకోడు.

"మళ్లీ అడుగుతున్నా."

"పెట్టనన్నా." ఈసారి మాటతోపాటు రక్తం కూడా వచ్చింది.

రెండోసారి ఈడ్చి వదిలినప్పుడు కాళ్లు దగ్గరకు ముడిచి భుజం అడ్డం పెట్టాడు. ఎముక దాకా మండింది. ఎక్కడినుంచో కాపలావాడి అరుపు వినపడింది. తారక్ పిట్టగోడ మీదికి వంగాడు. కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాల్లో ఫైటర్‌గా చేసే తారక్‌కు ఎంత ఎత్తయినా భయం లేదు.

"గురువారం ట్రస్టు మీటింగు. బుధవారం పొద్దున్నే సార్ ఇన్‌స్టిట్యూట్‌కి రా. రాలేదనుకో, ఈసారి తాడు పట్టుకోను. విప్పేస్తాను."

పోయాడు. ముఖానికి తగిలిన దెబ్బ కన్నా ఆ చివరి మాట దినేశ్‌కు గట్టిగా తగిలింది.

అయిదు నెలల కింద, జూన్ మొదట్లో, హిమాచల్‌లోని ఒక మంచుకొండ మీద తాడు విప్పింది దినేశే. తుషారనిధి ట్రస్టు పర్వతారోహకులకు, కొండల శుభ్రతకు సాయం ఇస్తుంది. ఆ సాయంతో, కొండలెక్కడం నేర్పే ఇన్‌స్టిట్యూట్ నడిపే చక్రపాణి సార్ ఆరుగురిని తీసుకుని పోయాడు. ఇరవై ఏళ్లుగా ఎక్కేవాళ్లు వదిలేసిన చిరిగిన గుడారాలు, గ్యాసు డబ్బాలు, ప్లాస్టిక్కు కిందికి దింపడం పని. అద్దాలు తుడిచేవాళ్లకు ఎత్తంటే భయం ఉండదని దినేశ్‌నూ, అతనితో పనిచేసే నరేశ్‌నూ చక్రపాణే ఎంచి, శిక్షణ ఇచ్చాడు. ఆ రోజు మంచు మీద ముగ్గురూ ఒకే తాడుకు కట్టుకుని నడుస్తున్నారు. ముందు చక్రపాణి, మధ్యలో దినేశ్, వెనక నరేశ్. చెత్త సంచులకు తాడు మాటిమాటికీ చిక్కుకుంటోంది. కింది క్యాంపులో ఫోటో తీసేవాడు ఎదురుచూస్తున్నాడు. వెలుగు ఉండగానే సంచులన్నీ ఒకచోట పేర్చి ఫోటో తియ్యాలి, రిపోర్టులో పెట్టాలి. చక్రపాణి వెనక్కి తిరిగి అరిచాడు: "తాళ్లు తీసెయ్యుండ్రి! గిట్లయితే పొద్దు గూకుతది!" నరేశ్ వేళ్లు చలికి మొద్దుబారి హుక్కు తెరుచుకోవడం లేదు. దినేశ్ వెనక్కి పోయి, పళ్లతో గ్లవ్ గుంజేసి, బొటనవేలితో హుక్కు నొక్కి, తాడు విడిపించాడు. నలభై అడుగులు నడిచారో లేదో వెనక మంచు లోపలికి కూరుకుపోయిన చప్పుడయింది. తిరిగి చూస్తే సంచి లేదు, నరేశ్ లేడు. మనిషి పట్టేంత వెడల్పున ఒక నల్లటి పగులు ఉంది. మూడో రోజు కాని శవాన్ని బయటికి తీయలేకపోయారు.

చక్రపాణి రాసిన రిపోర్టులో మాత్రం నరేశ్ క్రమశిక్షణ తప్పి తానే తాడు విడిపించుకున్నాడని ఉంది. ఆ తాడు మీద ఉన్నవాళ్లలో మిగిలిన సాక్షి దినేశ్ ఒక్కడే. అతని సంతకం లేకుండా ట్రస్టు ఆ రిపోర్టును తీసుకోదు. రిపోర్టు తీసుకోకపోతే వచ్చే ఏడు చక్రపాణికి పెద్ద శిఖరం ఎక్కేందుకు డబ్బు రాదు.

దినేశ్ తాడు వదులుచేసుకుంటూ నేల దాకా దిగాడు. మేస్త్రీ మెడికల్ షాపు నుంచి దూది తెప్పించి అతని ముక్కులో కుక్కాడు.

"పోలీసులు గీలీసులు అనకు తమ్మీ, నీకు దండం పెడ్త," అన్నాడు మేస్త్రీ. "బిల్డింగోళ్లు మనల్నే ఎల్లగొడ్తరు. పోయి పండుకో."

*

మంగళవారం మధ్యాహ్నం దినేశ్ అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులోకి వెళ్లాడు. సందుకు రెండువైపులా కోచింగ్ బోర్డులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నరేశ్ భార్య సంగీత అక్కడ హనుమత్ప్రసాద్ గారి జిరాక్స్ షాపులో బైండింగ్ చేస్తుంది. పొద్దున్నే ఫోన్ చేసి రమ్మంది.

ఆమె మిషను ముందు నిలబడి ఉంది. ఇరవై కాగితాల చొప్పున పట్టుకుని అంచులు బల్లకు తట్టి సమం చేసి, మిషను నోట్లో పెట్టి, పిడి కిందికి గుంజుతోంది. కచక్కుమని వరసగా బెజ్జాలు పడుతున్నాయి. ప్లాస్టిక్కు చుట్టను మొదటి బెజ్జంలో దూర్చి అరచేత్తో దొర్లిస్తే అది పాములాగా అవతలి కొసకు పాకిపోతోంది. కొస కత్తిరించి మడిచి, పుస్తకం పక్కకు విసిరి, మళ్లీ కాగితాలు తీసుకుంటోంది. ఎదురుగా నలుగురు విద్యార్థులు నోట్సుల కోసం తొందరపెడుతున్నారు.

దినేశ్‌ను చూసి పిడి వదిలేసింది. "ముఖానికేమైందన్నా?"

"గోడకు తగిలింది."

"తారక్ గాడేనా?"

 ఆమె కౌంటర్ కింద నుంచి ఒక కాగితం తీసి అతని ముందు పెట్టింది. వేళ్ల మధ్య బాగా నలిగిన కాగితం.

"గా రిపోర్టు ప్రింటింగుకు మా షాపుకే వచ్చింది. నేనెవరో ఆళ్లకు తెల్వదు కద. అయిదు కాపీలు తీయాల్నంట. మిషన్లకెల్లి ఒక్కొక్క కాగితం వస్తున్నది. పద్నాలుగో పేజీల ఆయన పేరు కనవడ్డది." ఆమె గొంతు పెంచలేదు. "చదివిన. తాగి ఉన్నట్టు రాయలేదు, గంతే తక్కువ. చెప్పన్నా. ఆయన తనంతట తను తీసుకున్నడా?"

విద్యార్థి ఒకడు, "అక్కా, నాదైందా?" అన్నాడు. ఆమె అతనివైపు చూడలేదు.

"తియ్యలే," అన్నాడు దినేశ్.

"ఒట్టు?"

"ఒట్టు. నరేశ్ తియ్యలే."

అబద్ధం కాదు. నాలుక మీద మిగిలిన సగం అలాగే ఉండిపోయింది. నోరు తెరిచాడు కూడా. ఇంతలో సంగీత కళ్లు తుడుచుకుని, పక్క బండి నుంచి చాయ్ తెప్పించి, గ్లాసు అతని చేతిలో పెట్టింది.

"మా అత్త సుత నమ్మింది తెల్సా? నా కొడుకు మొండోడు, ఎవ్వరి మాట వినడు, తీసే ఉంటడు అన్నది. అందరూ గట్లనే అన్నరు. ఇగ ఆళ్లు ఎంత కొట్టినా నువ్వు సంతకం పెడ్తలేవంట కద. మా షాపు సారుకు ఎవరో చెప్పిన్రు. నువ్వొక్కనివే ఉన్నవన్నా ఆయనకు."

చాయ్ వేడికి గ్లాసు కాలుతోంది. దినేశ్ దాన్ని కింద పెట్టలేదు, తాగలేదు. "గురువారం నేను సుత వస్త మీటింగుకు," అంది సంగీత. పిడి కిందికి గుంజింది. కచక్. "నా ముంగట చదవమను గా పేజీ."

*

బుధవారం పొద్దున పదిగంటలకు అతను ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. వెళ్లకపోతే వాళ్లు పనిచేసే చోటికి వస్తారు. కింది అంతస్తులో ఏదో కోచింగ్. మైకులో పాఠం చెబుతున్న గొంతు గోడలను అదరగొడుతోంది. పై హాల్లో ఒక గోడ నిండా ప్లైవుడ్డు, దాని మీద ఎక్కడం నేర్చుకునేందుకు బిగించిన రంగురంగుల పట్లు. కింద మందపాటి పరుపులు.

చక్రపాణి కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, బక్కగా, నిటారుగా. ఎండకూ మంచుకూ కాలిన ముఖం. "రా బిడ్డా, కూసో," అన్నాడు.

దినేశ్ కూర్చోలేదు. వెనక తలుపు గడియ పడిన చప్పుడయింది.

తారక్ పాత తాడును నాలుగు పేటలు మడిచి బకెట్లో నానబెట్టి ఉంచాడు. మొదటి దెబ్బ వీపు మీద పడ్డప్పుడు ఊపిరి ఆగిపోయింది. రెండోది పక్కటెముకల మీద. తడి తాడు ఇసుక సంచిలాగా పడుతోంది, పడిన చోట చర్మం పగలడం లేదు, లోపల ఏదో నలుగుతోంది. కింది నుంచి మైకు గొంతు లెక్క చెబుతూనే ఉంది. మూడో దెబ్బకు దినేశ్ మోకాళ్ల మీద పడ్డాడు. నాలుగో దెబ్బకు తారక్ చెయ్యెత్తినప్పుడు, పడ్డవాడు పడ్డట్టే లేచి తలతో అతని మూతి మీద కుమ్మాడు.

తారక్ పై పెదవి పంటికి పడి చీలిపోయింది. సినిమాల్లో ఎన్నిసార్లు ఎగిరి పడ్డాడో, ఈసారి పడటం మాత్రం బస్తా పడ్డట్టు పడ్డాడు. దినేశ్ అతని ఛాతీ మీద కూర్చుని కొట్టాడు. ఒకటి, రెండు, అయిదు, ఎనిమిది. పిడికిలి కింద ముక్కు మెత్తగా అయింది. "చాల్రా, ఒరే, చాలు" అని తారక్ నోట్లో రక్తంతో గొణుగుతున్నాడు. దినేశ్‌కు వినపడుతోంది. వినపడుతున్నా చెయ్యి ఆగడం లేదు. అయిదు నెలలుగా తనను తాను కొట్టుకోవాలనుకున్న దెబ్బలన్నీ వేరేవాడి ముఖం మీద పడుతున్నాయి. హాయిగా ఉంది. ఆ హాయి తెలిసినప్పుడే భయం వేసి చెయ్యి ఆపాడు.

అప్పుడు చక్రపాణి లేచి వచ్చి అతని మెడ మీద తన్నాడు. దినేశ్ పక్కకు దొర్లగానే, నేల మీద పరుచుకున్న ఎడమచేతి మీద బూటు పెట్టి మడమ తిప్పాడు. ఉంగరపు వేలు ఎండుపుల్లలా విరిగింది. దినేశ్ అరుపు కింది మైకు చప్పుడులో కలిసిపోయింది.

చక్రపాణి బూటు తియ్యకుండానే గొంతుక్కూర్చున్నాడు. నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టు చెప్పాడు.

"దెబ్బలకు నువ్వు లొంగవు. నాకు తెల్సు, నేనే కద నిన్ను తయారుచేసింది. ఒక్క మాట అడుగుత. గా పిల్ల, సంగీత. హుక్కు తీసిందెవరో చెప్పినవా ఆమెకు?"

దినేశ్ అరుపు ఆగింది.

"చెప్పలే. నాకెర్కే." చక్రపాణి తల ఊపాడు. "నువ్వు సంతకం పెడ్తే నరేశ్ తప్పు. పెట్టకపోతే నీ తప్పు. మూడోది లేదు బిడ్డా. రేపు మీటింగుల నేనే నిలవడి చెప్త, దోస్తును చేతులార చంపిండని. ఆమె ముంగట్నే చెప్త."

"మీరు తీయమన్నరు సార్."

"ఎవరు విన్నరు? మంచు విన్నదా?"

కింద పాఠం ముగిసింది. కుర్చీలు జరిగిన చప్పుడు, పిల్లల నవ్వులు. దినేశ్‌కు సంగీత చేతిలోని చాయ్ గ్లాసు కళ్ల ముందు మెదిలింది. నువ్వొక్కనివే ఉన్నవన్నా. ఆ మాట ఆమె నోట్లోకి వెనక్కి పోవడం చూడలేననిపించింది. సంతకం పెట్టినా అది పోతుందని ఆ నిమిషంలో తట్టలేదు.

విరగని చేతితో పెన్ను అందుకున్నాడు. కాగితం మీద రక్తం చుక్క పడితే చక్రపాణి తన చేతిరుమాలుతో అద్ది, సంతకం ఆరేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

*

బోరబండలో దినేశ్ గది రేకుల గది. విరిగిన వేలుకు పుల్ల పెట్టి కట్టించుకొని వచ్చి, చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వెల్లకిలా పడుకుంటే వీపు కాలుతోంది. మూడు గంటలకు తలుపు తన్నిన చప్పుడయింది.

సంగీత చేతిలో ప్లాస్టిక్కు చుట్ట వేసిన పుస్తకం ఉంది. మీద మంచుకొండ బొమ్మ. పద్నాలుగో పేజీ తెరిచి అతని ముఖం ముందు పెట్టింది.

"గిది నీ సంతకమేనా?"

"నాదే."

ఆ పుస్తకంతోనే అతని ముఖం మీద కొట్టింది. ముక్కులోని దూది ఊడి రక్తం మళ్లీ మొదలైంది. "మూతికి కుట్లేసుకుని తారక్ గాడు తెచ్చిచ్చిండు గీ పేజీ. అక్కా, జల్దీ కుట్టియ్యి అన్నడు. నేనే కుట్టిన! గీ చేతుల్తోని అయిదు పుస్తకాలు కుట్టిన! నిన్న నా ముంగట ఏం చెప్పినవ్? ఒట్టు పెట్టినవ్ కద! ఎంతిచ్చిన్రు?"

"ఏమియ్యలే."

"మరెందుకు? దెబ్బలకా?"

"దెబ్బలకు కాదు." దినేశ్ గోడకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. ఇక దాచుకునే చోటు లేదు. "నరేశ్ తియ్యలే అన్న. తియ్యలే. నేను తీసిన."

సంగీతకు అర్థం కాలేదు. పుస్తకం ఇంకా ఎత్తే ఉంది.

"చక్రపాణి సార్ తియ్యమని మొత్తుకున్నడు. నరేశ్ చేతులు పనిచేస్తలెవ్వు. నేను వెనుకకు పోయి హుక్కు నొక్కి తాడు విప్పిన. నువ్వు చాయిచ్చినవ్. నువ్వొక్కనివే అన్నవ్. చెప్పలేకపోయిన."

పొయ్యి మీద ఇనప పెనం ఉంది. ఆమె చేతికి అదే దొరికింది. మొదటి దెబ్బ భుజం మీద, రెండోది అడ్డం పెట్టని మోచేతి మీద, మూడోది తొడ మీద.  పళ్లు బిగించి, ఒక్కో దెబ్బకూ ముక్కుతూ, మిషను పిడి గుంజినట్టు పై నుంచి కిందికి కొట్టింది. దినేశ్ చేతులు ఎత్తలేదు. తల మాత్రం వంచుకున్నాడు. నాలుగోసారి పెనం తలకు ఎత్తినప్పుడు పక్కింటి రుద్రమ్మ పరుగెత్తుకొచ్చి ఆమెను వెనక నుంచి పట్టుకుంది.

"సస్తడు బిడ్డా! నీ చేతుల సస్తడు! ఇడువు!"

పెనం కింద పడింది. సంగీత రుద్రమ్మ చేతుల్లో ఊగిపోయింది, తర్వాత జారి గడప మీద కూలబడింది.  రుద్రమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. ఎవరూ తాగలేదు.

"ఆయనేమన్నడు?" అంది సంగీత, నేల వైపు చూస్తూ. "నువ్వు విప్పుతుంటే."

"ఏమన్లే. చేతులు పక్కకు వెట్టి నడుము నా ముంగటికి వంచిండు. నాకు అందాలని. తీసినంక, అబ్బ, పాణం లేచొచ్చింది రా అన్నడు."

ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదిలాయి. కొంతసేపటికి కొంగుతో ముఖం గట్టిగా రుద్దుకుని లేచింది.

"రేపు ఎన్ని గంటలకు?"

"పదకొండుకు."

"నువ్వు రాకపోతే మళ్ల గీడికే వస్త," అని, పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది.

*

తుషారనిధి ట్రస్టు ఆఫీసు పంజగుట్టలో ఒక నాలుగో అంతస్తులో ఉంది. గోడల నిండా తెల్లటి శిఖరాలు. పొడుగాటి బల్లకు ఒకవైపు కమిటీ వాళ్లు ముగ్గురు, మధ్యలో ప్రాజెక్టులు చూసే ఉదయలక్ష్మి గారు. ముందు అందరికీ చుట్ట వేసిన రిపోర్టులు ఉన్నాయి.

చక్రపాణి తెర పక్కన నిలబడి ఫోటోలు చూపిస్తున్నాడు. చెత్తతో నిండిన మంచు. శుభ్రమైన మంచు. వరసగా పేర్చిన సంచులు, మీద మంచి వెలుగు. ఆ సంచుల్లో నరేశ్ మోసింది లేదని ఆ గదిలో దినేశ్‌కూ చక్రపాణికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఫోటో మరుసటి రోజు తీశారు, నరేశ్ ఇంకా పగులులోపలే ఉన్నాడు.

దినేశ్ తలుపు దగ్గర కుర్చీలో, తారక్ పక్కన కూర్చున్నాడు. తారక్ మూతి ఉబ్బి, కుట్లు నల్లగా కనపడుతున్నాయి. "అడిగితే అవునను, చాలు," అన్నాడు పెదవులు కదలకుండా. సంగీత గోడకు ఆనుకుని నిలబడింది. చనిపోయినతని భార్యనని కింద చెప్పి పైకి వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. దినేశ్ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఉదయలక్ష్మి గారు పద్నాలుగో పేజీ తెరిచారు. "దినేశ్ గారూ, ఈ సంతకం మీదేనా? ఏంటి, చేతికి ఏమైంది?"

"సంతకం నాదే మేడం. గా పేజీల రాసింది మాత్రం అబద్ధం. నరేశ్ తాడు తీసుకోలే."

ఫోటోలు మార్చే రిమోట్ చక్రపాణి చేతిలో ఆగింది. ఆయన తొణకలేదు. విచారంగా నవ్వాడు. "మేడం, నేను దాద్దామనుకున్న. పిలగాని బతుకు ఆగం కావద్దని. ఇగ ఈయన గిట్ల మాట్లాడుతుండు కాబట్టి చెప్పక తప్పదు. హుక్కు తీసింది ఈయనే. తన చేతుల్తోని, నేను చూస్తుండంగ."

సంగీత వైపు చూశాడు, ఆమె ఏమవుతుందోనని. ఆమె ఏమీ కాలేదు.

"అవును," అన్నాడు దినేశ్. "నేనే తీసిన. సార్ తియ్యమంటే తీసిన. ఫోటోకు వెలుగు పోతదని అందరినీ తియ్యమన్నరు. తియ్యనంటే అయిపోయేది. అనలే."

 ఉదయలక్ష్మి గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చక్రపాణి గారూ, నాకు ఒక్కటి అర్థం కాలేదు. ఈయన తీస్తుండగా మీరు చూశానంటున్నారు. మరి నరేశ్ తానే విడిపించుకున్నాడని కింద సంతకం పెట్టి రాసిచ్చింది మీరే కదా?"

  దినేశ్ కాదంటాడనే చక్రపాణి లెక్క వేసుకున్నాడు. అవునంటాడని కాదు. ముఖం నల్లబడింది. రెండంగల్లో గది దాటి వచ్చి దినేశ్ విరిగిన వేలిని కట్టుతోపాటు గుప్పిట్లో పట్టి మెలితిప్పాడు. "కుక్కా! నీకు మంచు సూపెట్టింది నేను! అద్దాలు నాకుకుంట బతికెటోనివి!" దినేశ్ కళ్ల ముందు చీకటి కమ్మింది, కుర్చీతో సహా పడ్డాడు. చక్రపాణి పొట్టలో తన్నాడు. ఇంకోసారి తన్నబోతుంటే కమిటీ వాళ్లు ఇద్దరు నడుము పట్టుకుని వెనక్కి లాగారు. బల్ల మీది నీళ్ల సీసాలు దొర్లి రిపోర్టులు తడిసిపోయాయి. తారక్ లేచి నిలబడ్డాడు, ఎటువైపు పోవాలో తెలియనట్టు చూశాడు, తలుపు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

సెక్యూరిటీ వాళ్లు చక్రపాణిని పక్క గదిలోకి తీసుకుపోయాక ఉదయలక్ష్మి గారు సంగీత దగ్గరికి వచ్చారు.  "ఏంటమ్మా ఇది... మా డబ్బుతో... నాకు నోట మాట రావట్లేదు. మీరు ఫిర్యాదు రాసివ్వండి. మా వైపు నుంచి కూడా ఒకటి రాసి, నేనే స్టేషన్‌కి వస్తాను. చక్రపాణి గారి మీద..."

"కాగితం ఇయ్యుండ్రి," అంది సంగీత.

తడవని కొస దగ్గర బల్ల ముందు కూర్చుంది. కాగితాన్ని రెండుసార్లు బల్లకు తట్టి సరిచేసుకుని రాయడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద అక్షరాలు, గట్టిగా ఒత్తి. భర్త పేరు రాసింది. తేదీ రాసింది. తియ్యమన్నవాడు చక్రపాణి అని రాసింది. పెన్ను ఆపి, మొదటిసారి దినేశ్ వైపు తిరిగింది. అతను నేల మీదే, గోడకు చేరగిలబడి, చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"తీసినోని పేరు. నీ ఇంటిపేరు ఏంది?"

ఉదయలక్ష్మి గారు, "అమ్మా, ఈయన నిజం చెప్పాడు కదా. ఈయన మీద కూడానా?" అన్నారు.

"నిజం చెప్పిండు కాబట్టే రాస్తున్న మేడం. తియ్యమన్నోడు, తీసినోడు. ఇద్దరు." ఆమె కళ్లు దినేశ్ మీదే ఉన్నాయి. వాటిలో క్షమ లేదు. కానీ నిన్నటి పెనం కూడా లేదు. "చెప్పు."

"మేడిపల్లి," అన్నాడు.

"తండ్రి పేరు?"

"మల్లేశం."

రాసింది. దినేశ్ ఆమె చేతి వెంట చూస్తున్నాడు. అయిదు నెలల్లో మొదటిసారి ఊపిరి పొట్ట అడుగుదాకా పోయింది, పక్కటెముకలు నొప్పితో అరిచినా పోయింది. గోడ పట్టుకుని లేచి బల్ల దగ్గరికి వచ్చి, కాగితం మీదికి వంగాడు.

"ష కాదు," అన్నాడు. "శ. దినేశ్."

సంగీత ఆ అక్షరం కొట్టేసి, పక్కన సరిగ్గా రాసింది.